పట్టాలు లేని సీటు

అశోక్‌నగర్, హైదరాబాద్
జూన్ 10

రామన్నకు,

ములాఖత్‌కు అమ్మ వస్తుంది. నేను రాను. నీ ముఖం చూస్తే ఆ జాలీ పగలగొట్టి లోపలికి వచ్చి కొడతానేమో. అందుకే కాగితం. నీ తమ్ముడికి రాయడం ఎప్పుడొచ్చిందని నవ్వకు. పదో తరగతి తప్పినవాణ్ణే గానీ, చిక్కడపల్లి లైబ్రరీలో ఫ్యాను కింద కూర్చొని ఇంజన్ పుస్తకాలు బొమ్మలు చూసి చూసి చదివినవాణ్ణి. తిట్టడానికి సరిపడా అక్షరాలు నాకు వచ్చు.

నేను ఊరికి పోయింది పెద్దనాన్న దినాలకు. తిరిగి వచ్చేసరికి నువ్వు జైల్లో, బండి పోలీస్ స్టేషన్‌లో, తిమ్మమ్మత్త మట్టిలో. బండి నేనే నడిపానని నీ నోటితో నువ్వే చెప్పావట. నీకు లైసెన్స్ లేదు. షెడ్డు ముందు స్కూటర్ తిప్పాలంటేనే నన్ను పిలిచేవాడివి. అలాంటివాడివి అఖిల్ రేసు కారు తీసుకొని ఆదివారం తెల్లవారుతుండగా దోమలగూడ రోడ్డెక్కడానికి నీకు ఏం పోయేకాలం వచ్చింది?

తిమ్మమ్మత్త అప్పుడు రోడ్డు ఊడుస్తోంది. మన బస్తీ మనిషి, మన పాలమూరు మనిషి. అమ్మ స్లాబు పనికి పోతే మనిద్దరికీ గంజి పోసి కూర్చోబెట్టుకున్న మనిషి. ఆమె బిడ్డ మహేశ్వరి నిన్న కుళాయి దగ్గర అమ్మను చూసి సగం నిండిన బిందె ఎత్తుకొని వెళ్ళిపోయింది. ఒక్క తిట్టు తిట్టలేదు. తిట్టినా బాగుండేది, అమ్మ తిండి తినేది.

ఇంకో సంగతి. అమ్మకూడదు, రూపం మార్చకూడదు అని రాయించుకొని కోర్టు బండిని అఖిల్ వాళ్ళ నాన్న జగన్మోహన్ గారికి వాపసు ఇచ్చింది. అఖిల్ దాన్ని ట్రాలీ మీద మన షెడ్డుకే తెచ్చి దించాడు. షెడ్డు జాగా వాళ్ళ నాన్నది కాకపోతే ఆ ట్రాలీని అట్లాగే నారాయణగూడలో వాళ్ళ టైల్స్ దుకాణం ముందు బోర్లించి వచ్చేవాణ్ణి. కుడి దీపం దగ్గర పగిలిన గాజులో చీపురు పుల్లలు ఇంకా ఇరుక్కొని ఉన్నాయి.

ఎందుకు నడిపావో రాయి. అబద్ధం రాస్తే చింపేస్తాను.

సంతోష్


జైలు నుంచి
జూన్ 21

తమ్ముడు సంతోష్‌కు,

నీ జాబు అందింది. కొట్టాలని ఉంటే కొట్టు, నేను అడ్డం పెట్టను.

ఎందుకు నడిపానంటే ఏం చెప్పను. నడపాలనిపించింది. అఖిల్ బాబు ఏండ్లుగా ముద్దు చేసుకుంటున్న బండి. ఇరవై ఏండ్ల పాత హోండా సిటీని నువ్వు ఇంజన్ విప్పి, నేను తుప్పు కోసి, మళ్ళీ పరుగెత్తేలా చేశాం. చేసినవాడికి ఒక్కసారి కూర్చోవాలని ఉండదా? అంతే అనుకో. నిద్రమత్తులో పోయింది.

తిమ్మమ్మత్త సంగతి రాయకు. ఇక్కడ రాత్రికి దీపాలు ఆర్పరు, కండ్లు మూసినా వెలుగే ఉంటుంది.

బండి పని వచ్చింది కదా, చెయ్యి. వాళ్ళు ఎట్లా చెప్తే అట్లా చెయ్యి. జగన్మోహన్ గారు వకీలును పెట్టారు. పెద్ద సెక్షన్ కాబట్టి బెయిలు రాలేదట, మళ్ళీ వేస్తారట. ఆయన మీద కోపం పెట్టుకోకు. షెడ్డులో పని ఆగకుండా చూడు. అమ్మను ఇంక తట్ట మొయ్యనియ్యకు.

ఇక్కడ జాబులు చదివి ఇస్తారు, చదివి పంపుతారు. గుర్తుపెట్టుకో.

నీ అన్న
రాము


అశోక్‌నగర్
జూలై 14

అన్నకు,

"నడపాలనిపించింది" అని రాసిన వాక్యాన్ని పదిసార్లు చదివాను. నువ్వు పెరుగన్నం తినాలనిపించినా అడగడానికి మొహమాటపడే మనిషివి. సరే, చింపలేదు.

బండి పని మొదలుపెట్టాను. ఇంకేం పని రావడం లేదు. మనిషిని చంపిన షెడ్డని చిక్కడపల్లి ఆటోవాళ్ళు కూడా ముఖం తిప్పుకొని పోతున్నారు. ముందు భాగం మొత్తం పోయింది. పాత బస్తీ తుక్కు దుకాణాలన్నీ తిరిగి అదే మోడల్‌ది ఇంకొకటి దొరికించుకున్నాను. తుక్కు దుకాణం చాచా నవ్వాడు. "ముసలి బండికి ఇంత పరేషాన్ ఎందుకు బేటా, దీంట్ల అమ్మాయేమన్న ఉన్నదా?" అన్నాడు. ఇంజన్ తల విప్పి వాల్వులు నూరాను. నిన్న స్టార్ట్ చేశాను. తిరుగుడు నిమిషానికి అయిదువేలు దాటాక దాని గొంతు మారుతుంది కదా, గురక పోయి అరుపు వస్తుంది కదా, అప్పుడు నా ఒళ్ళంతా పొంగింది. ఆ పొంగు మీద నాకే అసహ్యం వేసి తాళం తీసేశాను.

లోపల ఒక కొత్త వస్తువు చూశాను. నేను ఊళ్ళో ఉన్నప్పుడు బిగించినట్టున్నావు. రేసు సీటు. మనిషిని రెండు పక్కలా పట్టుకొని కదలనివ్వని గుంట సీటు. ముందుకూ వెనక్కూ జరిపే పట్టాలు లేవు. నాలుగు ఇనుప కాళ్ళు పెట్టి నేరుగా నేలకే అతికావు. వెల్డింగ్ జడ అల్లినట్టు ఉంది, చూడగానే నీ చెయ్యి అని తెలిసింది.

అఖిల్ దాన్ని తీసెయ్యమన్నాడు. అన్నిటికంటే ముందు అదే తియ్యమన్నాడు. "పట్టాల మీద పెట్టన్నా, డాడీ గూడ నడుపుతనంటుండు." ఆ బండి చప్పుడు వింటేనే చెవులు మూసుకొనే పెద్దమనిషి నడుపుతాడట! నాకెందుకు. గ్రైండర్ పెట్టి కోశాను. నీ అతుకు ఊడదు కాబట్టి కింద నేల రేకు ముక్కతో సహా కోయాల్సి వచ్చింది. ఆ కాళ్ళను తుక్కు మూల పడేసి, రంధ్రాలకు కొత్త రేకు వేసి, నునుపు చేసి, రంగు కొట్టి, పట్టాలు బిగించి, అదే సీటు వాటి మీద పెట్టాను. అక్కడ ఇంకోటి ఉండేదని కన్నతల్లి కూడా చెప్పలేదు. అంత శుభ్రంగా చేశాను. నువ్వుంటే వేలుతో రాసి చూసి "ఫర్వాలేదు" అనేవాడివి.

నీ మీద కోపం పోలేదు. పని బాగా వచ్చింది కాబట్టి చెప్పాను.

సంతోష్


జైలు నుంచి
జూలై 29

తమ్ముడికి,

సీటు తీసేశావా. మంచిది. తీసేశావంటే అది అయిపోయింది. తుక్కు మూలలో ఏదీ ఉంచకు, జాగా ఇరుకవుతుంది. తుక్కువాడికి వేసెయ్యి.

తొందరగా బండి అప్పజెప్పు. ఆ తర్వాత జగన్మోహన్ గారు నిన్ను పిలుస్తారు. ఏమిస్తే అది తీసుకో, ఎదురు మాట్లాడకు. నీకు నోరు ఎక్కువ.

అమ్మ మోకాలు ఎట్లా ఉంది?

రాము


దోమలగూడ బస్తీ
ఆగస్టు 11

రామన్నా,

నువ్వు నడపలేదు.

రాసేశాను, చదివేవాళ్ళు చదువుకోనీ.

నిన్న షెడ్డులో మన పెయింటర్ హనుమప్ప మామ బండికి రంగు కలుపుతున్నాడు. నేను బండిలో కూర్చొని సీటును పట్టాల మీద ముందుకూ వెనక్కూ జరిపి చూస్తున్నాను. ఆయన ఉన్నట్టుండి అన్నాడు:

"గిప్పుడు మీ అన్న కూసున్నా కాళ్ళు అందుతయి."

"అప్పుడు అందలేదా మామా?"

"ఏడ అందినయ్ రా! బిగిచ్చినంక ఎట్లుందో సూద్దమని ఎక్కిండు. జోలెల ఏసిన పిల్లగాని లెక్క లోపలికి పోయిండు. కాళ్ళు గాల్ల ఉన్నయ్. క్లచ్చు మీద బొటనేలు గుడ ఆనలె. ఎనక దిండు పెట్టినం, అయినా అందలె. అఖిల్ బాబు ఫోటో తీస్తనంటే మీ అన్న పానా పట్టుకొని ఉరికిండు. మస్తు నవ్వినం పో!"

నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. చేతిలో పుల్ల డబ్బాలో పడిపోయింది. నేను బండి దిగాను.

"మామా, మరి బండి ఎవరు నడిపిండ్రు?"

"నేను రంగేసెటోన్ని. నన్నడగకు."

"సీటు అఖిల్ కొలతకు అతికిండ్రు గదా? ఆరడుగులోని కొలతకు?"

"అరేయ్ సంతోష్, నాకు ఇద్దరు ఆడపిల్లలున్నరు. నేనేం సూడలె. నేనేం అనలె. నువ్వు నా మాట యాడ జెప్పినా లేదంట." రంగు డబ్బా మూత పెట్టి, చెప్పులు వేసుకొని, పని మధ్యలో వెళ్ళిపోయాడు. ముప్పై ఏండ్లలో ఆ మనిషి పని మధ్యలో వదిలింది లేదు.

సాయంత్రం అఖిల్ చాయ్ తెచ్చాడు, ఎప్పటిలాగే రెండు. నాకు మొదటి మంచి పానాల సెట్టు కొనిచ్చింది ఆ పిల్లవాడే, మర్చిపోలేదు. ముఖం మీదే అడిగాను. గ్లాసు కింద పెట్టి, "కేసు కోర్టుల ఉన్నదన్నా. నేనేం మాట్లాడొద్దన్నడు డాడీ" అన్నాడు. "మీ డాడీని అడగలె, నిన్నడిగిన" అన్నాను. కండ్లల్లో నీళ్ళు పెట్టుకున్నాడు. ఆ నీళ్ళు చూసి నాకు జాలి కలగలేదు, అన్నా. చాయ్ గ్లాసు తీసి గోడకు కొట్టాను.

ఈ పొద్దున జైలు దాకా వచ్చాను. ములాఖత్ రాయించాను. నువ్వు బయటికి రాలేదు. "మీ అన్న ఒంట్లో బాగలేదన్నాడు" అని చెప్పారు. అబద్ధాలు ఆడటం నీకు రాదు, ఎందుకు ఆడతావు?

ఆ సీటు కోసింది నేనే. వాడు తీసెయ్యమన్నాడు, నేను శుభ్రంగా తీసేశాను. నా చేతులతో నిన్ను లోపల వేసి తాళం పెట్టాను. అందుకే కదా "మంచిది" అని రాశావు?

జవాబు రాయి. ఈసారి పూర్తిగా రాయి.

సంతోష్


జైలు నుంచి
ఆగస్టు 20

సంతోష్‌కు,

నీ జాబు ఇక్కడ చదివిన సారు "మీ తమ్ముడు సినిమాలకు రాస్తడా?" అని అడిగాడు. అట్లా రాయకు.

నడిపింది నేనే. హనుమప్ప మామకు వయసైంది, ఒక రోజుది ఇంకో రోజుకు కలిపి చెప్తాడు.

బండికి రంగు వేసి ఇచ్చెయ్యి. నీ కాళ్ళు పట్టుకుంటాను. ఇంకేం రాయను.

రాము


అశోక్‌నగర్
సెప్టెంబర్ 7

రామన్నా,

నువ్వు రాయకపోతే నేను ఊరుకోను. నేను ఏం చేశానో విను.

ఉచితంగా కేసులు చూసే వకీలమ్మ ఒకరున్నారు, ఉదయశ్రీ గారు. నారాయణగూడ చౌరస్తా దగ్గర మెట్ల కింద చిన్న గది. ఆమెకు మొత్తం చెప్పాను. సీటు పొడుగు మనిషికి అతికింది, మా అన్న పొట్టివాడు, పెడల్ అందదు, పట్టాలు లేవు కాబట్టి జరపడానికీ లేదు, అని. ఆమె కళ్ళజోడు తీసి తుడుచుకొని, "ఆ సీటు అట్లనే ఉన్నదా?" అని అడిగింది. "ఉన్నది మేడం" అన్నాను. బండిని తనిఖీ చేయించాలని కోర్టులో దరఖాస్తు వేసింది. జడ్జి సరే అన్నాడు, తనిఖీ అయ్యేదాకా బండిని షెడ్డులోనే ఉంచమన్నాడు. రవాణా శాఖ ఇన్‌స్పెక్టర్ వస్తాడు.

ఉన్నది అని ఎట్లా అన్నానంటే, ఉండేట్టు చేస్తానని తెలుసు కాబట్టి.

నువ్వు చెప్పినట్టు ఆ కాళ్ళను తుక్కువాడికి వెయ్యలేదు, బద్ధకించాను. నాలుగూ మూలలోనే ఉన్నాయి. తీసి, పాత రంగంతా గీకి, తుప్పు నూరి, వాటికి అంటుకొని వచ్చిన పాత రేకు కొసలను కోసేసి, మెరిసేదాకా తోమాను. పట్టాలు విప్పేశాను. కొలత పట్టి చూసి, నువ్వు ఎక్కడ పెట్టావో అక్కడే పెట్టాను. నూలుపోగంత కూడా తేడా లేదు. తర్వాత అతకడం. అన్నా, నీ చెయ్యి నాకు ఎప్పుడూ వచ్చేది కాదు, నా అతుకు మురికి కాలువలా పారుతుందని నవ్వేవాడివి. తుక్కు రేకు మీద రెండు రోజులు అభ్యాసం చేశాను. మూడో రోజు వచ్చింది. జడ అల్లినట్టే వచ్చింది. నువ్వు చూసినా నీదే అనుకుంటావు.

మీద అదే బూడిద రంగు కొట్టి, సీటు బిగించి, ఎక్కి కూర్చున్నాను. నాకే కాలు చాచాల్సి వచ్చింది. నీకెక్కడ అందుతుంది!

ఎవడు ఏం తీసేసినా నేను మళ్ళీ ఉన్నదున్నట్టు చెయ్యగలను. పాత బండ్ల పని అంటే అదే కదా. నువ్వు బయటికి వస్తావు. సంచి సర్దుకో.

సంతోష్


దోమలగూడ బస్తీ
సెప్టెంబర్ 26

అన్నకు,

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. పేరు ధర్మారావు. మంచివాడో చెడ్డవాడో తెలియదు, పని తెలిసినవాడు. ఒకవైపు ఉదయశ్రీ గారు, ఇంకోవైపు జగన్మోహన్ గారు, ఆయన వకీలు, ఒక ఎస్సై. అఖిల్ రాలేదు.

ధర్మారావు సారు టార్చి వేసుకొని సీటు కింద తల పెట్టాడు. చాలాసేపు బయటికి రాలేదు. తర్వాత జేబులోంచి చిన్న చాకు తీసి రంగు మీద గీశాడు. కింద ఇనుము తెల్లగా మెరిసింది. నేను తోమిన మెరుపు.

"ఇదెప్పటి వెల్డింగ్?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే జగన్మోహన్ గారు అందుకున్నారు. "మేము బండి ఇచ్చినప్పుడు సీటు పట్టాల మీదనే ఉన్నది సార్. వీడు ముద్దాయి తమ్ముడు. ఏం జేసిండో మీరే సూడండి." గొంతు పెంచలేదు. ఒక టైలు పగిలిందని చెప్పినట్టు చెప్పారు.

అప్పుడు నేను చెప్పాను. అఖిల్ తీసెయ్యమంటే కోశానని, మళ్ళీ నేనే అతికానని, ఇంతకుముందు సరిగ్గా ఇక్కడే ఉండేదని. చెప్తూ ఉంటే నాకే వినపడింది అది ఎట్లా ఉందో. స్టేషన్‌లో తీసిన ఫోటోల్లో బండి ముందు భాగం, నంబరు ప్లేటు తప్ప లోపలిది ఒక్కటీ లేదట. నువ్వే ఒప్పుకున్నాక సీటు ఫోటో ఎవడు తీస్తాడు?

ధర్మారావు సారు చేతులు తుడుచుకుంటూ నా దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగాడు.

"కోసిన కాళ్ళకు పాత నేల రేకు అంటుకొని ఉండెనా?"

"ఉండె సార్."

"దాని మీద కంపెనీ రంగు ఉండెనా?"

"ఉండె."

"మరి అవి గట్లనే తెచ్చి నా చేతుల పెడ్తే ఏం పోతుండెరా నీకు? ఆ రేకు ముక్క ఈ రంధ్రంల పెట్టి సరిపోయిందని రాసేటోన్ని. తోమమని ఎవడు జెప్పిండు నీకు?"

ఎవడూ చెప్పలేదు. ఏ వస్తువు చేతికి వచ్చినా ముందు గీకి, నూరి, తోమి పెట్టాలని నా చేతులకు అలవాటు. మురికి కూడా సాక్ష్యమని నాకు తెలియదు. లైబ్రరీలో నేను చదివిన ఏ పుస్తకంలోనూ లేదు.

ఉదయశ్రీ గారి వెనక మెట్ల గదికి వెళ్ళాను. వెళ్ళాక, "ఉన్నది అన్నావు నాతో. నాకైనా నిజం చెప్పాల్సింది సంతోష్" అన్నారు. ఆమె గొంతులో కోపం కూడా లేదు, అలసట ఉంది.

జగన్మోహన్ గారు నా మీద ఫిర్యాదు ఇచ్చారు, దొంగ సాక్ష్యం పుట్టించానని. షెడ్డుకు తాళం పడింది. పానాలన్నీ లోపలే. రోజూ స్టేషన్‌కు పోయి బల్ల మీద కూర్చొని వస్తున్నాను. అరెస్టు ఎప్పుడో తెలియదు.

నిన్ను బయటికి తెస్తానన్నాను. చెప్పు తీసుకొని కొట్టు నన్ను.

సంతోష్


జైలు నుంచి
అక్టోబర్ 9

తమ్ముడా,

విడుదలై పోతున్న ఒకతని చేతికి ఈ జాబు ఇస్తున్నాను. దీన్ని ఎవరూ చదవలేదు. నువ్వు చదివి కాల్చెయ్యి.

నువ్వు అడిగింది రాస్తాను. ఆ పొద్దున నేను పక్క సీట్లో కూర్చున్నాను. నేను అతికిన సీటు ఊగుతుందో లేదో చూడాలి కదా, నా పని కదా అని ఎక్కాను. లోయర్ ట్యాంక్‌బండ్ నుంచి అఖిల్ దోమలగూడ వైపు తిరిగాడు. రోడ్డు ఖాళీ. "గొంతు మారేది ఇను రామన్నా" అని తొక్కాడు. తిమ్మమ్మత్త వంగి చెత్త ఎత్తుతోంది. నేను అరిచాను. బ్రేకు పట్టింది, బండి ఆగింది, ఆగేలోపే అయిపోయింది.

నేను దిగి పరుగెత్తాను. తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. నన్ను గుర్తుపట్టింది. "రాముగా, నువ్వారా" అన్నది. అంతే. తల తిప్పి చూస్తే అఖిల్ లేడు. బండి తలుపు తెరిచి ఉంది. బస్తీవాళ్ళు వచ్చేసరికి ఆమె, నేను, బండి.

స్టేషన్‌కు నన్ను తెచ్చేసరికే జగన్మోహన్ గారు వచ్చి కూర్చొని ఉన్నారు. "నువ్వు కాదంటే ఎవడు నమ్ముతడు రాము? అందరు నిన్నే జూసిండ్రు. నువ్వే అంటే మాత్రం నీ తమ్మునికి షెడ్డు జాగా రాసిస్త. మీ అమ్మ కూసొని తింటది" అన్నారు. నేను ఆలోచించలేదు. నీ పేరు మీద బోర్డు కనబడింది నాకు. ఇన్నేండ్లుగా మనం వేరేవాళ్ళ జాగాలో పని చేస్తున్నాం. ఒప్పుకున్నాను.

నువ్వు సీటు కోశావని రాసినప్పుడు ఏడ్చాను. బాధతో కాదు, ఇక ఎవరూ నన్ను అడగరు, అయిపోయింది, నీకు జాగా వస్తుంది అని. నువ్వు దాన్ని మళ్ళీ అతికావు.

మొన్న వాళ్ళ వకీలు వచ్చాడు. నేను కోర్టులో నేరం ఒప్పుకుంటే నీ మీద ఫిర్యాదు వెనక్కి తీసుకుంటారట. షెడ్డు మాట ఎత్తలేదు, నేనూ అడగలేదు. వచ్చే వాయిదాకు ఒప్పుకుంటున్నాను. నువ్వు కోర్టుకు రాకు. వచ్చి అరిస్తే నేను చేసింది రెండోసారి కూడా వ్యర్థమవుతుంది.

నీకు ఇరవై నాలుగే. వేరే షెడ్డులో చేరు. చేతిలో పని ఉంది.

నీ అన్న
రాము


విద్యానగర్
నవంబర్ 3

రామన్నా,

కోర్టుకు వచ్చాను. అరవలేదు. వరండాలో స్తంభం వెనక నిలబడ్డాను. జడ్జి అడిగితే నువ్వు తలకాయ ఊపావు. నోటితో చెప్పమన్నాడు. చెప్పావు. ఏడేండ్లన్నాడు. పోలీసులు నిన్ను తీసుకుపోతుంటే నీ చొక్కా వెనక చిరిగి ఉంది. అది చూసి ఎవణ్ణో ఒకణ్ణి చంపాలనిపించింది. ఎవణ్ణీ చంపలేదు. విద్యానగర్‌లో అపార్టుమెంటు కడుతున్నచోట అమ్మ పక్కన ఇటుకలు మోస్తున్నాను. నేను ఏ షెడ్డుకు పోయినా నాకంటే ముందు నా పేరు పోతోంది.

నీ జాబు కాల్చలేదు, ఇది చదివేవాళ్ళు చదువుకోనీ. మూడు వారాలు జేబులో పెట్టుకొని తిరిగి, ఈ పొద్దున మహేశ్వరి దగ్గరికి పోయాను. వాళ్ళ అమ్మ ఉద్యోగం ఆమెకే ఇచ్చారు. అశోక్‌నగర్ గల్లీలు ఊడుస్తోంది. మన షెడ్డు గల్లీ కూడా ఆమెదే. నన్ను చూసి చీపురు ఆపలేదు. నేను వెనక వెనక నడుస్తూ చెప్పాను. మొత్తం చెప్పాను. నీ జాబు చదివి వినిపించాను. "రాముగా, నువ్వారా" అన్న మాట దగ్గర చీపురు ఆగింది.

"మల్ల సదువు" అన్నది.

మళ్ళీ చదివాను.

ఫుట్‌పాత్ మీద కూర్చుంది. చీపురు ఒళ్ళో పెట్టుకొని అన్నది:

"ఆ బండి దినాం పొద్దుగాల నా పక్కకెల్లే పోతది. కేసు అయిపోయిందంట గద, నంబరు ప్లేటు గుడ కొత్తదేసిండ్రు. నేను చీపురు తీసుకొని పక్కకు జరుగుత. ఆ పిల్లగాడు అద్దం దించి 'థాంక్స్ అక్కా' అంటడు. మంచోడనుకున్న. ఇయ్యాల గుడ అన్నడు."

ఆ బండికి ప్రాణం పోసింది నేను. ప్రతి బోల్టూ నేను బిగించాను.

నిన్ను తిడుతుందేమో, లేదా నీ మీద జాలి పడుతుందేమో అనుకున్నాను. మా అన్న ఏ పాపం చెయ్యలేదు మహేశ్వరీ అన్నాను. అప్పుడు లేచింది. అంత కోపం నాలో కూడా ఎప్పుడూ లేదు.

"చెయ్యలేదా? మా అమ్మ మీ అన్న ఒళ్ళ పానం ఇడిసింది. ఎవడు గుద్దిండో ఆయన కండ్లార జూసిండు. జూసి, మా అమ్మ సావును అమ్మి నీకు షెడ్డు కొందామనుకున్నడు. మా అమ్మ మీ షెడ్డుకు బయానానా? నువ్వు నీ అన్న కోసం వకీలు దగ్గరికి ఉరికినవ్, సీటు కోసినవ్, అతికినవ్. మీ అన్న నీ కోసం జైలుకు పోయిండు. ఒకరి కోసం ఒకరు మస్తు జేసుకున్నరు. ఇన్ని నెలలల్ల మా అమ్మ కోసం ఎవరొచ్చిండ్రు రా మా గడపకు?"

గల్లీలో కిటికీలు తెరుచుకున్నాయి. ఎవరో పాల ప్యాకెట్లు పట్టుకొని నిలబడి చూస్తున్నారు.

అన్నా, ఆ మాటకు జవాబు నీ దగ్గర ఉంటే రాయి.

నీ జాబు ఆమె తీసుకుంది. ఇవ్వమని చెయ్యి చాపింది, ఇచ్చాను. రేపు ఉదయశ్రీ గారి దగ్గరికి పోతానంది. చచ్చింది తన తల్లి కాబట్టి మళ్ళీ విచారించమని అడిగే హక్కు తనకుందేమో అడుగుతుందట. ఆ జాబు బయటపడితే వాళ్ళు నా మీద ఫిర్యాదు మళ్ళీ తిరగదోడుతారు, నువ్వు కోర్టులో అబద్ధం చెప్పావని నీ మీద ఇంకో కేసు పడుతుంది. ఇవన్నీ ఆమెకు చెప్పాను. "పడనియ్యి" అన్నది.

నిన్ను అడగకుండా ఇచ్చాను. తిట్టుకుంటే తిట్టుకో. నువ్వూ నన్ను అడగకుండానే ఒప్పుకున్నావు కదా.

రేపు పనికి పోవడం లేదు. వెంట రావద్దంది. వెనక నడుస్తాను.

సంతోష్